డెట్రాయిట్ ఈత రాణి

హాచర్ బెండ్, అలబామా
ఏప్రిల్ 9, 1996

డెట్రాయిట్ మహానగర వాస్తవ్యురాలు, గౌరవనీయురాలు ఓర్లీన్ అక్కగారికి తెలియజేయడమేమనగా:

మొన్న ఆదివారం, ఈస్టర్ భోజనాల వేళ, న్యూ షైలో చర్చి సభ్యులందరి సమక్షంలో, తమ తమ్ముడు ఎజెల్ కొత్త పళ్ళసెట్టు మొట్టమొదటిసారి పంది తొడ మాంసాన్ని ఎదుర్కొంది. మొదటి ముక్కని జయించింది. రెండో ముక్కకి ఓడిపోయి, నోట్లోంచి ఎగిరి, బంగాళదుంప సలాడ్ గిన్నెలో తలదాచుకుంది. ఆ సలాడ్ ఓలా అత్తది. గిన్నె ఇంకా నిండుగానే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. ఆ రకంగా చూస్తే పండగ బాగానే జరిగినట్టు.

ఇంకో చిన్న విషయం. కోర్టు వెనకాల పెటూనియా పూల మడి ఉంది కదా, దాన్ని తవ్వేస్తున్నారు. కింద మన ఊరి ఈత కొలను ఉందని కొత్త పిల్లలకి చెప్తే నమ్మటం లేదు, నేను చెప్పాను కాబట్టి. మేయర్ టోబీ గ్రిగ్స్ (అవును, నా వెనక బెంచీలో కూర్చుని నా నెత్తిన జిగురు పోసిన టోబీయే, ఇప్పుడు కోటు వేసుకుంటున్నాడు) దాన్ని బాగుచేసి జులైలో తెరుస్తాడట. తెరిచిన రోజు మొట్టమొదట నీళ్ళలో దిగాల్సింది నువ్వేనని పట్టుబడుతున్నాడు. అరవై మూడులో మూతపడింది నీ కాలు వల్లే కదా, తెరవాల్సింది కూడా ఆ కాలేనట.

నేను సరే అన్నాను. మీ అక్కకి ఈత వచ్చా అని అడిగాడు. దానికీ ఏదో చెప్పాను. ఏం చెప్పానో నువ్వు అడగకపోతే మనిద్దరికీ మంచిది.

ఇట్లు,
పళ్ళు కడిగి మళ్ళీ పెట్టుకున్న నీ తమ్ముడు
ఎజెల్


డెట్రాయిట్
ఏప్రిల్ 17

ఒరేయ్ ఎజెల్,

ఏం చెప్పావురా?

ముందు ఓలా అత్తకి కొత్త గిన్నె కొనిపెట్టు. తర్వాత టోబీ దగ్గరికి వెళ్ళి మా అక్క రాదని చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే ఫోన్ చేసి చెప్తాను, అప్పుడు నీ జిగురు కథ కూడా చెప్తాను, ఎవరి నెత్తిన ఎవరు పోశారో.

నువ్వప్పుడు చిన్నవాడివి, నీకు అదంతా సర్కస్‌లా ఉండి ఉంటుంది. మేం నలుగురు నల్ల ఆడపిల్లలం చర్చి నుంచి తెల్లవాళ్ళకే పెట్టిన ఆ కొలనుకి నడిచి వెళ్ళాం. టిక్కెట్ల దగ్గర అమ్మాయి నోరు తెరిచేలోపు నేను లోపలికి వెళ్ళి మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. ఒక్క కాలే. నీళ్ళలో ఉన్న తెల్లవాళ్ళంతా ఒక్కసారి లేచి బయటికి వెళ్ళిపోయారు. తల్లులు పిల్లల చేతులు పట్టి లాగుతుంటే నీళ్ళు జారే చప్పుడు, అది నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. మర్నాడు కొలను ఖాళీ చేశారు. వారం తిరక్కుండా మట్టి పోశారు. నాన్నని కలప మిల్లులోంచి తీసేశారు, నన్ను ఇక్కడికి బస్సెక్కించారు, నువ్వు బడి మానేసి గడ్డి కోసే మిషన్లు బాగుచెయ్యడం మొదలెట్టావు.

అమ్మ పోయినప్పుడు వచ్చాను కదా, అప్పుడు ఓలా అత్త వంటగదిలో నాకు వినపడేట్టే అంది: "కాస్త ఆగితే కొలను మనకీ తెరిచేవాళ్ళు, దాని కాలి బొటనవేలు తడవడానికి మా పిల్లలందరికీ ఈత లేకుండా పోయింది." తప్పని నేను అనలేకపోయాను. ఆ ఊళ్ళో ఏ ఎండాకాలమూ ఏ పిల్లాడూ దిగని నీళ్ళకి నా పేరే చెప్తారు.

ఇప్పుడు మళ్ళీ వచ్చి మళ్ళీ కాలు పెడితే, వాళ్ళు మళ్ళీ లేచి వెళ్ళిపోతే? యాభై ఏళ్ళ వయసులో ఆ చప్పుడు రెండోసారి వినలేను. పైగా నాకు ఈత రాదు. స్నానాల తొట్టిలో కూడా తల పైకెత్తి కూర్చుంటాను. జుట్టు చేయించుకోడానికి శనివారం అంతా పడుతుంది, దాన్ని మున్సిపాలిటీ నీళ్ళలో ముంచమంటావా?

మళ్ళీ అడుగుతున్నా. ఏం చెప్పావు?

ఓర్లీన్


హాచర్ బెండ్
ఏప్రిల్ 28

ప్రియమైన అక్కా, కోపం వచ్చినప్పుడు కూడా నీ చేతిరాత ఎంత గుండ్రంగా ఉంటుందో,

మొదట ఒక సవరణ. నేను బడి మానేసింది నీ కాలు వల్ల కాదు, లెక్కల మాస్టారు వల్ల. ఆయన కూడా నేను మానేసినందుకు కృతజ్ఞతగా ఆ ఏడాది అందరినీ పాస్ చేశాడు.

ఇక ఏం చెప్పానంటే. టోబీ ఆ మాట అడిగినప్పుడు నా ఎదురుగా అతని కొత్త కోటు ఉంది. అది చూస్తే నాకు ఒళ్ళు మండింది. "ఈత వచ్చా ఏంటి, డెట్రాయిట్‌లో ఆడవాళ్ళకి ఈత నేర్పేదే మా అక్క" అన్నాను. అక్కడితో ఆపేవాడినే. కానీ "అవునా" అన్నాడు, కళ్ళు పెద్దవి చేసి. నాకు కళ్ళు పెద్దవి చేసేవాళ్ళంటే బలహీనత. పతకాలు ఉన్నాయన్నాను.

అతను పత్రికవాళ్ళతో చెప్పాడు. గురువారం మొదటి పేజీలో వేశారు, 'డెట్రాయిట్ ఈత రాణి సొంతూరికి'. ఫొటో లేకపోతే నేనే ఇచ్చాను, నీ పెళ్ళి ఫొటో. తలమీద ముసుగుంది కాబట్టి చూసినవాళ్ళు ఈత టోపీ అనుకుంటున్నారు.

నువ్వు జుట్టు గురించి రాశావు కదా, అందుకని పోస్టులో ప్లాస్టిక్ టోపీలు పంపుతున్నాను. షవర్ కింద పెట్టుకునేవి. చర్చి ఆడవాళ్ళు కూడా అవే కొన్నారు, దుకాణంలో ఇంక లేవు.

అన్నట్టు నాకు ఈత వచ్చేసింది. వాగులో నేర్చుకున్నాను. ఇప్పుడు వెల్లకిలా కూడా పోతున్నాను. నలభై నాలుగేళ్ళ మొద్దుకి వచ్చింది, నీకు రాదా?

నీ ఈతగాడు
ఎజెల్

తా.క. పాస్టరు గారు ప్రారంభ ప్రార్థన చేస్తారు. అది విన్న దగ్గర్నుంచి చర్చిలో కుట్టుమిషన్లు ఆగటం లేదు. ఎందుకో కనుక్కుని రాస్తాను.


డెట్రాయిట్
మే 12

ఎజెల్,

నీ ఉత్తరం చదివాక పళ్ళెం ఒకటి గోడకేసి కొట్టాను. నీ పేరు మీద కొట్టాను, తెలుసుకో.

రెండోది. మన జెనీవా వదిన ఫోన్ చేసి నా కొలతలు అడిగింది. భుజాలు ఎంత, పొడవు ఎంత. ఎందుకే అంటే, తెల్ల గౌను కుడుతున్నాం, అన్నీ ఒకే గుడ్డలో కుడుతున్నాం, నువ్వు ముందుంటావు అంది. ఫోన్ పెట్టేశాక అన్నీ కలిపి చూసుకున్నాను. తెల్ల గౌను, నేను ముందు, అందరూ వెనక. ఊళ్ళో నన్ను పూడ్చడానికి ఏర్పాట్లు చేస్తున్నారా? నాకేదన్నా జబ్బు ఉందని కూడా చెప్పావా? నిజం చెప్పు, ఈ ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళి అన్నీ చూపించుకు వచ్చాను. ఏం లేదన్నాడు.

మూడోది, ఇది నీతో చెప్పకూడదనుకున్నాను. మా పేట ఈత కొలనులో చేరాను. పెద్దవాళ్ళ తరగతి నిండిపోయిందట, పిల్లల దాంట్లో వేశారు. అందరూ నా మోకాలి దాకా ఉన్నారు. వాళ్ళకి మాస్టారు "కప్పలా" అంటే కప్పలవుతారు, "చేపలా" అంటే చేపలవుతారు. నేను రెండింటికీ ఒకేలా ఉంటానని పక్క పిల్ల చెప్పింది. మీకెవరూ నేర్పలేదా అమ్మమ్మా అని కూడా అడిగింది. మా ఊళ్ళో నీళ్ళు లేవమ్మా అన్నాను. వర్షం పడదా అంది.

వస్తున్నానని మాత్రం అనుకోకు. నేర్చుకుంటున్నా, అంతే. బోర్లా తేలడం వచ్చింది, కళ్ళు మూసుకుంటే. కళ్ళు తెరిస్తే మునుగుతాను.

నీకు వాగులో ఈత వచ్చిందంటే సంతోషం. మన ఇంట్లో ఒక్కరికైనా వచ్చింది. ఆ పిల్లకి నీ గురించి చెప్పాను, మా తమ్ముడు వెల్లకిలా పోతాడని. గొప్పగా చెప్పాను.

ఓర్లీన్


హాచర్ బెండ్
జూన్ 2

అక్కా, గొప్పగా చెప్పావా? నా గురించా? ఆ ఉత్తరం పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను.

ముందు నీ చావు సంగతి తేల్చేద్దాం. నిన్నెవరూ పూడ్చటం లేదు. విషయం ఏంటంటే, కొలను తెరవడం, పాస్టరు గారి ప్రార్థన, అందరూ నీళ్ళలో దిగడం, ఈ మూడూ కలిపి విన్న మన చర్చి పెద్దమ్మలు అది బాప్తిస్మం అనుకున్నారు. వాళ్ళ తప్పేం కాదు. వాళ్ళు జన్మలో మెడదాకా నీళ్ళలో దిగింది ఆ ఒక్కసారే, పాస్టరు గారి వేదిక వెనకాల తొట్టిలో, తెల్ల గౌనులో, చర్చి పెద్ద డీకన్ లోమాక్స్ వీపు పట్టి వెనక్కి ముంచితే. నీళ్ళలోకి వేరే రకంగా ఎలా వెళ్తారో ఎవరూ చూడలేదు. డీకన్ లోమాక్స్ అయితే అప్పుడే తన రబ్బరు ప్యాంటు తీసి ఎండలో ఆరేశాడు, తడవకుండా నీళ్ళలో దిగడానికి వేసుకునేది, చంకల దాకా వచ్చేది. చెప్పి చూశాను: ఇది సరదాకి, ఊరికే ఆడుకోడానికి. ఆయన నన్ను జాలిగా చూసి, నీళ్ళతో ఆటలేంటి నాయనా అన్నాడు.

తవ్వకం దగ్గరికి రోజూ వెళ్తున్నాను. అక్కడ ఇంకొకాయన కూడా రోజూ వస్తున్నాడు, కుర్చీ తెచ్చుకుని. డ్యూయీ ప్రూయిట్. గుర్తుందా? అప్పుడు కొలను పూడ్చిన మట్టి ట్రక్కు తోలిన తెల్లాయన. ఇప్పుడు బాగా ముసలాడు, తెల్లగా ఎండిపోయాడు. మొదటి రోజు నన్ను చూసి టోపీ సర్దుకున్నాడు, రెండో రోజు తలూపాడు. మూడో రోజు తవ్వేవాళ్ళతో, లోతు ఎటువైపో మీకు తెలీదు, ఉత్తరం పక్క మెల్లగా తవ్వండి అన్నాడు. నేను ఊరుకుంటానా. తమరికి బాగా తెలుసు మరి, అన్నాను.

ఆయన కుర్చీ కాస్త నా వైపు జరుపుకున్నాడు. తర్వాత, "మా పిల్లలు కూడా ఈత నేర్చుకోలేదు ఎజెల్. పెద్దాడు సైన్యంలో చేరితే నీళ్ళ పరీక్షలో తప్పాడు" అన్నాడు.

ఆసారికి జోకు మింగేశాను. నీకు తెలుసు కదా అది ఎంత అరుదో. కూర్చున్నాను. ఇద్దరం మట్టి చూశాం.

ఇక అసలు సంగతి. ఓలా అత్త నాతో మళ్ళీ మాట్లాడింది. గిన్నె కొన్నందుకు కాదు. నువ్వు వస్తున్నావా అని కనుక్కోడానికి. ఇంకా చెప్పలేదన్నాను. "అది రాకపోతే నేనూ దిగనని రాయి" అంది. అది తిట్టో బతిమాలడమో నాకు తెలీలేదు. ముఖం మాత్రం తిట్టేలాగే ఉంది. కానీ ఆవిడకి ఉన్నది ఆ ఒక్క ముఖమే.

రా అక్కా. లేచి వెళ్ళిపోతారని నువ్వు భయపడుతున్నావు. లేచి వెళ్ళిపోతే నేనున్నాగా, ఇద్దరం కలిసి, ఉన్న నీళ్ళన్నీ మనవే అని పడుకుందాం. నేను వెల్లకిలా, నువ్వు బోర్లా.

నీ తమ్ముడు
ఎజెల్


డెట్రాయిట్
జులై 21

ఎజెల్,

నీ దగ్గర్నుంచి వచ్చి బస్సు దిగి నాలుగు రోజులైంది, చెవిలో నీళ్ళు ఇంకా గలగలమంటున్నాయి. తల ఒకవైపు వంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. జుట్టు గురించి అడగకు. జుట్టు చేసే ఆవిడ దాన్ని చూసి కుర్చీలో కూర్చుంది, నన్ను కూర్చోబెట్టకుండా.

ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలీదురా. నా ఆలోచన ఏంటంటే, మర్యాదగా మెట్లు దిగి, బోర్లా కాస్త తేలి, లేచి చెయ్యి ఊపి వచ్చేద్దామని. కానీ గౌను తొడిగారు. రెండో మెట్టు మీద ఉండగానే డీకన్ లోమాక్స్ నా ముక్కుకి రుమాలు పెట్టాడు. అంతే, కళ్ళు మూసుకున్నాను. ఆ తర్వాత చెవుల నిండా నీళ్ళు. ఎవరో నన్ను వెనక్కి వంచారు. నేను ముందుకి తన్నాను. ఏదో బరువు లాగింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి టువాలు చుట్టి ఒక కుర్చీలో ఉన్నాను, చేతిలో చిలగడదుంప తీపి రొట్టె ముక్క. ఎవరిచ్చారో కూడా తెలీదు. మర్నాడు పొద్దున్నే బస్సు, నువ్వేమో దారంతా నవ్వుతూనే ఉన్నావు, ఒక్క మాట సరిగ్గా చెప్పలేదు.

జెనీవా ఫోన్‌లో నేను డీకన్‌ని కాపాడానంటుంది. ఆయన భార్య నేను ఆయన్ని ముంచానంటుంది. టోబీ, ఇంత గొప్ప ఈత ఎప్పుడూ చూడలేదంటాడు, అతను ఓట్లడిగే మనిషి.

నాకు తెలియాల్సింది ఒక్కటే. నేను కాలు పెట్టినప్పుడు అక్కడ ఆ ఊరి తెల్ల పిల్లలు కూడా ఉన్నారు, గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని. చూశాను. తర్వాత చూడలేదు, వినలేదు. ఎవరన్నా లేచి వెళ్ళిపోయారా? నేను వచ్చేశాక నీళ్ళు మార్చారా? నువ్వు కళ్ళు తెరుచుకుని ఉన్నావు. చూసింది చూసినట్టు రాయి. ఒక్కసారి రాయి.

ఓర్లీన్


హాచర్ బెండ్
జులై 28

అక్కా,

చూసింది చూసినట్టు.

టోబీ రిబ్బను కత్తిరించబోతే కత్తెరకి తెగలేదు. అతను వంగి పళ్ళతో కొరికాడు, వెనకాల ప్యాంటు చిరిగింది. మన ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు, తెల్ల గౌన్లు, ప్లాస్టిక్ టోపీలు, చేతుల్లో చర్చి విసనకర్రలు. దూరం నుంచి చూస్తే పరలోకంలోని వంటవాళ్ళలా ఉన్నారు. పాస్టరు గారు చెయ్యెత్తారు. ప్రార్థన మొదలుపెట్టి, గౌన్లు చూసేసరికి నోరు అలవాటున బాప్తిస్మం మాటల్లోకి వెళ్ళిపోయింది. అది వినగానే లోమాక్స్ నిన్ను వెనక్కి వంచాడు.

నువ్వు తన్నావు. ఆయన కడుపులో. ఆయన కూర్చుండిపోయాడు, రబ్బరు ప్యాంటు నిండా నీళ్ళు పట్టి బెలూనులా ఉబ్బింది. కాపలా ఉండే కాలేజీ పిల్ల ఈల ఊది దూకింది. ఎవర్ని కాపాడాలో తెలీక నీ చుట్టూ, ఆయన చుట్టూ ఒక రౌండు కొట్టింది. నువ్వేమో కళ్ళు మూసుకుని, కప్పో చేపో, ఆయన ప్యాంటు పట్టీ పట్టుకుని అవతలి గట్టు దాకా లాక్కుపోయావు. జనం పాడటం మొదలెట్టారు. ప్రూయిట్ ముసలాడు కుర్చీలో కూర్చుని టోపీ తీసి వెక్కి వెక్కి ఏడ్చాడు. అప్పుడు నేను చొక్కా విప్పి దూకి, వెల్లకిలా నీ పక్కనే ఈదుకుంటూ వచ్చి నిన్ను ఒడ్డుకి చేర్చాను.

నువ్వు ఒక్కసారి రాయమన్నావు కాబట్టి ఇప్పుడు రెండోసారి రాస్తున్నాను, పైన ఏవేవి నేను కల్పించానో.

టోబీ ప్యాంటు చిరగలేదు. చిరిగితే బాగుండేది. కత్తెరకి తెగకపోవడం నిజం, రిబ్బను ముడి విప్పాడు.

లోమాక్స్‌ని నువ్వు లాక్కుపోలేదు. నీళ్ళు ఆయన నడుము దాకానే ఉన్నాయి. కూర్చున్నవాడు లేచాడు, అంతే. ప్యాంటు ఉబ్బడం నిజం. కాలేజీ పిల్ల దూకడం నిజం. నిన్ను లాగిన బరువు గౌను.

ప్రూయిట్ ఏడవలేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయా అని పక్కవాళ్ళని అడిగాడు. నీకు ఆ చిలగడదుంప రొట్టె ఇచ్చింది ఆయనే, తన పళ్ళెంలోది.

నేను దూకలేదు. నాకు ఈత రాదు. వాగులో నేర్చుకున్నదంతా కల్పించిందే, నువ్వు నేర్చుకుంటావని. ఆ చిన్నపిల్లతో వేరే ఏదన్నా చెప్పు.

నువ్వు ఈదడం కల్పించలేదు. నువ్వు లోమాక్స్ చేతుల్లోంచి జారి, బోర్లా తిరిగి, ఒక మంచం పొడవు ఈదావు. ఎవరూ పట్టుకోలేదు. నేను చూశాను.

ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. గట్టు మీద పిల్లలు నువ్వు తేలగానే లోపలికి దిగారు, మనవాళ్ళూ, వాళ్ళూ, ఎవరు ఎవరో చూసే తీరిక ఎవరికీ లేదు. ఓలా అత్త టోపీ చెవుల మీదికి లాక్కుని కమ్మీ పట్టుకుని దిగింది. నువ్వు మెట్ల దగ్గర దారికి అడ్డంగా తేలుతున్నావు. నీ భుజం మీద తట్టి, "జరగవే, నాకూ కాస్త చోటియ్యి" అంది. నీ చెవుల్లో నీళ్ళున్నాయి, నువ్వు వినలేదు. నేను విన్నాను. ఇది కల్పించలేదు.

నీళ్ళు మార్చలేదు. నిన్ను బస్సెక్కించి తిరిగి వస్తూ అటు వెళ్ళాను. గేటు తెరవకముందే పిల్లలు వరసకట్టి ఉన్నారు. తెరవగానే అవే నీళ్ళలో దూకారు. నేను కూడా దిగాను. మెడదాకా అని రాద్దామనుకున్నాను. చీలమండల దాకా.

ఎజెల్